నర్సుల మనోవేదనకు ఆసుపత్రిలోనే చోటు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి, 2022లో హెడ్ నర్సుగా పదవీ విరమణ చేశాను. కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. అయితే ఆ రోజుల్లో నాతోపాటు వార్డులో నిలబడిన చిన్న వయసు నర్సుల్లో కొందరికి ఈనాటికీ సరిగా నిద్ర పట్టడం లేదు.

పీపీఈ కిట్ తొడుక్కుంటే డ్యూటీ ముగిసేదాకా విప్పే వీలుండేది కాదు గనుక, మూత్రానికి వెళ్లవలసి వస్తుందన్న భయంతో మంచినీళ్లు మానేసి మా గుంటూరు ఎండల్లో పనిచేశాం. ఆ కష్టం ఒంటికి సంబంధించినది, తీరిపోయింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో చూసిన చావులు మాత్రం మనసులో ఉండిపోయాయి. అయినవాళ్లను రానివ్వని ఆ వార్డులో, ఆఖరి ఘడియల్లో ఉన్న తండ్రి ముఖాన్ని వీడియో కాల్‌లో కూతురికి చూపించి, ఆ ఫోను పక్కన పెట్టిన మరుక్షణమే ఇంకో మంచం దగ్గర సెలైన్ మార్చడానికి వెళ్లవలసి వచ్చేది. కన్నీళ్లు వచ్చినా ఫేస్ షీల్డు లోపలికి చెయ్యి పోదు. మరణవార్తను ఇళ్లకు ఫోనులో చెప్పే పని అప్పగించిన ఒక అమ్మాయి, ఇప్పటికీ ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. ఆమెకు నాలుగు రోజులు విశ్రాంతి ఇమ్మని పైవారిని అడిగితే, 'అందరికీ ఉన్నదే కదా సిస్టర్' అన్నారు. నేనూ ధైర్యం చెప్పి మళ్లీ అదే వార్డుకు పంపాను. అది నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

కరోనా విధుల్లో మరణించినవారి కుటుంబాలకు కేంద్రం 50 లక్షల రూపాయల బీమా ప్రకటించింది. సిబ్బందిపై దాడి చేసేవారిని కఠినంగా శిక్షించేలా 2020లోనే అంటువ్యాధుల చట్టాన్ని సవరించింది. రెండూ అవసరమైనవే. కానీ ప్రాణాలతో మిగిలి, మర్నాడు మళ్లీ డ్యూటీకి వచ్చినవారి మనసు సంగతి ఎవరికీ పట్టలేదు. మానసిక సహాయానికి 14416 టెలిమానస్ నంబరు 2022 నుంచి ఉంది, మంచిదే. అయితే మతి చెడిందన్న ముద్ర పడుతుందేమోనని పర్మనెంటు సిబ్బందే నోరు విప్పరు. ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలియని ఔట్‌సోర్సింగ్ నర్సులు, ఎంఎన్‌ఓలు (వార్డుల్లో సాయపడే మగ నర్సింగ్ ఆర్డర్లీలు), పారిశుద్ధ్య సిబ్బంది తమ బాధను ఎవరితో చెప్పుకుంటారు?

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రుల్లో మానసిక వైద్యులు ఉండనే ఉన్నారు. వారానికి ఒక పూట, రోగుల ఓపీతో కలపకుండా, సిబ్బంది కోసమే వారిని కేటాయించమని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. అక్కడ చెప్పుకున్న మాట సర్వీసు రికార్డుకు ఎక్కకూడదు. వెళ్లిన సమయాన్ని సెలవులో కోయకుండా డ్యూటీగానే లెక్కించాలి. ఔట్‌సోర్సింగ్ వారికీ ఇదే వర్తించాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్ నర్సు,
బ్రాడీపేట, గుంటూరు.