ప్లాస్టిక్ సీటుకు ఇనుప పీచు వద్దు

సంపాదకులకు నమస్కారం.

కోనసీమలో బోరు నీరు వాడే మా వంటి ఇళ్లలో మరుగుదొడ్డి ప్లాస్టిక్ సీటుపై పేరుకునే ఎర్రమరక నీటిలోని ఇనుము వల్ల పడే తుప్పు మరక కనుక, బ్లీచింగ్ పౌడరు చల్లితే అది వదలకపోగా మరింత గట్టిపడవచ్చు. నిమ్మ ఉప్పు కరిగించిన గోరువెచ్చని నీటిలో గుడ్డ తడిపి, మరకపై అరగంట కప్పి ఉంచి, తరువాత వంటసోడా ముద్దతో మెల్లగా రుద్ది కడిగితే మా సీటు చాలావరకు తెల్లబడింది. ఇనుప పీచు మాత్రం తగదు. అది గీసిన గీతల్లోనే మురికి మళ్లీ చేరుతుంది. సంక్రాంతికి అల్లుడు వస్తున్నాడన్న తొందరలో నేను చేసిన తప్పు అదే. బ్లీచింగ్ పౌడరు వేసినచోట యాసిడ్ పోయడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. యాసిడ్ సీసా అమ్మేటప్పుడే దుకాణదారులు ఈ మాట చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అమలాపురం