ఘనా వెళ్తున్న మా అమ్మాయికి

బంగారు తల్లీ,

టికెట్ వచ్చిందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను పెద్దగా ఏమీ మాట్లాడలేకపోయాను. అక్రా అన్న మాట నీ నోటివెంట వినగానే గొంతు పూడుకుపోయింది. అక్రా పక్కనే తెమాలో నేనూ మీ నాన్నా ఆరేళ్ళు ఉన్నాం, 2009 నుంచి 2015 దాకా. చదువు పాడవుతుందని నిన్ను తెనాలిలో అమ్మమ్మ దగ్గర ఉంచాం. ఈ వేసవికి రప్పిద్దాం, వచ్చే వేసవికి రప్పిద్దాం అనుకుంటూనే ఆరేళ్ళూ గడిచిపోయాయి. ఇప్పుడు నీ అంతట నువ్వే, ఉద్యోగం పని మీద, నెల రోజులకు వెళ్తున్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో.

మీ పెదనాన్న నిన్న వచ్చి "ఆడపిల్లను ఒంటరిగా ఆఫ్రికా పంపిస్తారా" అని గంటసేపు టెన్షన్ పెట్టి వెళ్ళారు. ఆయన మాట పట్టించుకోకు. పెద్ద ఊళ్ళో పర్సూ ఫోనూ జాగ్రత్తగా చూసుకోవాలి, అది హైదరాబాదులోనూ చేస్తావు. అక్కడ ఉండి వచ్చినదాన్నిగా చెప్తున్నాను, నువ్వు నిజంగా భయపడాల్సినవి రెండే. ఒకటి దోమ, రెండోది రాత్రిపూట రోడ్డు.

దోమ సంగతి నీకు తెలియనిది కాదు. 2011లో నాన్న సెలవుకు తెనాలి వచ్చినప్పుడు పదో రోజున చలిజ్వరం మొదలైంది కదా. నువ్వప్పుడు ఆరో తరగతి. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే టైఫాయిడ్ అని సెలైన్ పెట్టి మూడు రోజులు ఉంచేశారు. ఎక్కడి నుంచి వచ్చారని వాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. నాలుగో రోజుకి ఆయన కళ్ళు పసుపుపచ్చగా అయిపోయి, నన్ను చూసి మా అత్తగారి పేరు పెట్టి పిలిచారు. గుంటూరు తీసుకెళ్తే అక్కడి కుర్ర డాక్టరు మొదట అడిగింది ఒకటే, "ఈమధ్య ఊరు దాటి ఎక్కడికైనా వెళ్ళారా?" అని. ఘనా అనగానే ఆమె లేచి తనే రక్తం తీసింది. ఫాల్సిపారమ్ మలేరియా. ఘనాలో ఎక్కువగా ఉండేది ఆ రకమే, ఆలస్యం చేస్తే మెదడుకి ఎక్కేస్తుంది. నాన్న తెమాలో ఉన్నంతకాలం దోమతెర కట్టుకుని, సెలవు ముందు వారం మాత్రం "ఎలాగూ వెళ్తున్నాం కదా" అని తీసేశారు.

కాబట్టి బయలుదేరే ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు రాయించుకో. నీ ఒంటికి ఏది పడుతుందో వాళ్ళే చెబుతారు. డాక్సీసైక్లిన్ ఇస్తే తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి, ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో ఆపకు. ఆ దోమ కుట్టేది చీకటి పడ్డప్పటి నుంచి తెల్లారేదాకా. సాయంత్రం అయిదున్నరకల్లా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కాళ్ళకీ మెడకీ దోమల క్రీమ్ రాసుకో. గదిలో ఏసీ ఉన్నా సరే, తెర అడుగు. అక్కడ ఉండగా ఒళ్ళు వెచ్చబడితే పారాసిటమాల్ వేసుకుని పడుకోవద్దు, ఆ రోజే పరీక్ష చేయించుకో. ఏ చిన్న క్లినిక్‌లోనైనా వేలు గుచ్చి చూసేస్తారు. ఇక్కడికి వచ్చాక కూడా, కొన్ని నెలల దాకా జ్వరం వస్తే డాక్టరుతో నీ నోటివెంట వచ్చే మొదటి మాట "ఘనా వెళ్ళొచ్చాను" అనే అవ్వాలి.

ఎల్లో ఫీవర్ సూది సంగతి కూడా ఇప్పుడే చూసుకో. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తారో ముందు కనుక్కుని వెళ్ళు. పసుపు రంగు కార్డు ఇస్తారు. అది పాస్‌పోర్టుతో పాటు చేతిసంచీలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో కాదు. అక్కడ దిగగానే అడుగుతారు. అది లేకుండా తిరిగొస్తే మనవాళ్ళు ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. ఒకసారి వేయించుకుంటే చాలు, 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతోంది. వీసా మీ ఆఫీసు వాళ్ళు చూస్తున్నారన్నావు కాబట్టి దాని జోలికి పోను.

ఇక రోడ్డు. ఊళ్ళో తిరగడానికి ఫోన్‌లో బుక్ చేసుకునే కార్లు ఉన్నాయి, చీకటి పడ్డాక వాటిలోనే వెళ్ళు. పగలు మాత్రం ఒక్కసారైనా ట్రోట్రో ఎక్కు. మన షేర్ ఆటోలాగే, కాకపోతే వ్యాన్. తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడు "సర్క్ సర్క్ సర్క్" అని అరుస్తుంటే అది క్వామే ఎన్‌క్రుమా సర్కిల్‌కి వెళ్ళేదన్నమాట. ఆ కుర్రాణ్ణి మేట్ అంటారు. చిల్లర దగ్గర పెట్టుకో. ఊరు దాటి వెళ్ళేటప్పుడు మాత్రం తెల్లారి బయలుదేరి వెలుగుండగానే చేరిపోయేలా చూసుకో. లైట్లు లేకుండా ఆగిపోయిన లారీలు రోడ్డు మీదే ఉంటాయి. అక్రా నుంచి కేప్ కోస్ట్ ఊరు నూటయాభై కిలోమీటర్లే కదా అనిపిస్తుంది, దారిలో కసోవా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే పూట గడిచిపోతుంది. శనివారాలు ఇంకా ఎక్కువ. అక్కడ చావు కార్యక్రమాలు శనివారం పెట్టుకుంటారు, ఎరుపూ నలుపూ బట్టలు కట్టుకుని ఊళ్ళకు ఊళ్ళు కదిలి వెళ్తారు.

మనుషుల గురించి నాకు అక్కడ పాఠం నేర్పింది టమాటాలమ్మే ఆవిడ. తెమాకి వెళ్ళిన మొదటి వారం, కమ్యూనిటీ 1 మార్కెట్‌లో టమాటాలు మన సంతలోలాగే పోగులు పెట్టి ఉన్నాయి. నేను వెళ్ళి నిలబడి "హౌ మచ్?" అన్నాను. ఆవిడ తలెత్తి నన్ను చూసి, నెమ్మదిగా "గుడ్ మార్నింగ్" అంది. నాకు అర్థం కాక మళ్ళీ "హౌ మచ్?" అన్నాను. ఆవిడ మళ్ళీ "గుడ్ మార్నింగ్" అంది, కోపం లేకుండా, చంటిపిల్లకి చెప్పినట్టు. మూడోసారికి నేనూ గుడ్ మార్నింగ్ అన్నాను. అప్పుడు నవ్వి, బాగున్నావా, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగి, ఆ తర్వాత ధర చెప్పింది. అక్కడ పలకరింపు లేకుండా పని మొదలుపెట్టడమంటే ఎదుటిమనిషిని మనిషిగా చూడకపోవడమే. టాక్సీ అతనైనా, ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ అయినా, ముందు పలకరించు. ఉదయం "మాచే" అను, ఏదైనా ఇస్తే "మెదాసె" అను. వాళ్ళ ముఖాలు ఎలా విచ్చుకుంటాయో నువ్వే చూస్తావు. ఇవ్వడం, పుచ్చుకోవడం, చెయ్యి ఊపడం అన్నీ కుడిచేత్తోనే. అది నీకు అమ్మమ్మ చిన్నప్పుడే నేర్పింది.

ఇంకో మాట. ఎవరైనా లేచి వెళ్ళిపోతూ "ఐయామ్ కమింగ్" అంటే కంగారుపడకు. మనం "వస్తాను" అని చెప్పి బయలుదేరమూ, అదే. తింటున్నవాళ్ళు నిన్ను చూసి "యూ ఆర్ ఇన్‌వైటెడ్" అంటారు, రా, నువ్వూ తిను అని. తినకపోయినా థాంక్స్ చెప్పు.

డబ్బు సంగతికి వస్తే, వంద డాలర్ల నోట్లు, కొత్తవి, మడత పడనివి తీసుకెళ్ళు. పెద్ద నోట్లకే మంచి రేటు ఇస్తారు. లైసెన్సు ఉన్న ఫారెక్స్ బ్యూరోలోనే మార్చుకో, రోడ్డు మీద పిలిచేవాళ్ళ దగ్గర వద్దు. సిమ్ పాస్‌పోర్టు చూపిస్తే ఇస్తారు. దానిమీదే మొబైల్ మనీ తెరవడం కుదురుతుందేమో అక్కడే అడుగు. మోమో అంటారు, కొబ్బరిబోండాలమ్మే అతను కూడా తీసుకుంటాడు. అక్కడి డబ్బు పేరు సెడీ. ఆ మాటకు వాళ్ళ అకాన్ భాషలో అర్థం గవ్వ. ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ చెబుతాను.

తిండికి నువ్వు ఇబ్బంది పడతావని నాన్న అంటున్నారు, నేను ఒప్పుకోను. పొద్దున్నే వీధి చివర మూకుడులో "కోసే" అనే వడలు వేస్తూ ఉంటారు. నోట్లో పెట్టుకున్నాక చెప్పు, అచ్చం మన బొబ్బర గారె. బొబ్బర్లు పుట్టిందే ఆఫ్రికాలో. దానికి తోడు అల్లం, మిరియం ఘాటుతో సజ్జ జావ పోస్తారు, హౌసా కోకో అంటారు. మధ్యాహ్నం "వాచే" అనేది తిను, అన్నంలో బొబ్బర్లు కలిపి వండేది. రెడ్ రెడ్ అని బొబ్బర్ల కూర, వేయించిన అరటిపండు ముక్కలతో పెడతారు. నువ్వు చేప తినవు కాబట్టి ఒక్కటి మాత్రం ప్రతిచోటా అడుగు. కూర పైకి కనిపించకపోయినా ఎండుచేప వేసి ఉంటారు. షిటో అనే నల్లటి కారంలో అయితే ఎండురొయ్యలు ఉంటాయి. చామాకులాంటి ఆకును కొంటోమిరే అంటారు, నేను చింతపండు వేసి పప్పు చేసేదాన్ని.

గోంగూర కోసం అల్లాడిపోయిన రోజులున్నాయి. ఒకరోజు మా వీధిలో ఒకమ్మాయి సీసాల్లో ఎర్రటి షర్బత్ అమ్ముతోంది, సొబొలో అంది. పుల్లగా, లవంగం వాసనతో ఉంది. దేంతో చేశావని అడిగితే ఎండబెట్టిన పువ్వుల సంచీ విప్పి చూపించింది. ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే రేకులు, మన పెరట్లోవే. ఆ సంచీలో చెయ్యి పెట్టి నిలబడి ఏడ్చాను, ఆ అమ్మాయి హడలిపోయింది. నువ్వు తాగేటప్పుడు మాత్రం నీళ్ళు ఎలాంటివో చూసుకుని, మంచి హోటల్లోనే తాగు.

కేప్ కోస్ట్ కోటకు తప్పకుండా వెళ్ళు, ఒక పూట పూర్తిగా కేటాయించి వెళ్ళు. బానిసలుగా అమ్మడానికి మనుషుల్ని బంధించిన నేలమాళిగల్లోకి గైడ్ తీసుకెళ్తాడు. మగవాళ్ళను కుక్కిన గదికి సరిగ్గా పైనే ప్రార్థనామందిరం కట్టుకున్నారు. చివర్లో సముద్రం వైపు తలుపు ఉంటుంది, ఓడ ఎక్కించింది అక్కడి నుంచే. గవ్వల సంగతి అక్కడే విన్నాను. మాల్దీవుల్లో ఏరిన గవ్వలు హిందూ మహాసముద్రం దాటి యూరప్ ఓడల్లో ఆ పశ్చిమ తీరానికి వెళ్ళేవట, వాటితో మనుషుల్ని కొనేవాళ్ళట. నువ్వూ అమ్మమ్మా అరుగు మీద అష్టాచెమ్మా ఆడుకున్న గవ్వలవంటివే. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అక్కడ సెల్ఫీలు దిగకు తల్లీ.

మిగతావి చిన్నవి. ప్లగ్గులు చదరపు మూడు కాళ్ళవి, అడాప్టరు కొనుక్కో. నువ్వు వెళ్ళేది డిసెంబరులో కాబట్టి సహారా నుంచి హర్మటాన్ గాలి వీస్తుంది, పెదాలు పగిలి గొంతు ఎండిపోతుంది. షియా వెన్న అని అక్కడే దొరుకుతుంది, రాసుకో. మిలిటరీ డిజైన్ బట్టలు పెట్టెలో పెట్టుకోకు, అక్కడ పౌరులు వేసుకోకూడదు. సైనికుల్నీ విమానాశ్రయాన్నీ ఫోటో తీయకు, మనుషుల్ని అడక్కుండా తీయకు. సముద్రంలో మోకాళ్ళు దాటి దిగకు, అలలు లోపలికి లాగేస్తాయి. అవసరమొస్తే 112కి ఫోన్ చెయ్యి.

చివరగా నాకోసం ఒక పని చెయ్యాలి. తెమా కమ్యూనిటీ 8లో మా పక్కింట్లో ఒక ఆంటీ ఉండేది. నాన్న నైట్ షిఫ్టుకి వెళ్ళి కరెంటు పోయిన రాత్రుల్లో లాంతరు పట్టుకుని వచ్చి నా దగ్గర కూర్చునేది. గోడమీద నీ ఫోటో చూసి ఏ వారం పుట్టిందని అడిగింది. అక్కడ పుట్టిన వారాన్ని బట్టి పేరు ఉంటుంది. గురువారం అన్నాను. "అయితే యా," అంది. 1900లో ఇంగ్లీషువాళ్ళ మీద యుద్ధం నడిపిన రాణి యా అసాంతెవా పేరులోది కూడా అదే యా. అప్పటి నుంచి పొద్దున్నే నన్ను పలకరించగానే "యా ఎలా ఉంది?" అని అడిగేది, నువ్వు పక్కగదిలో నిద్రపోతున్నట్టు. అడ్రసు విడిగా రాసి పంపుతున్నాను. మన సున్నుండలు ఒక డబ్బా కడతాను, తీసుకెళ్ళు. తలుపు తట్టి, ముందు పలకరించి, యా వచ్చిందని చెప్పు.

అమ్మ