వక్క మానకుండా ఇంజెక్షన్లు వృథా

సంపాదకులకు,

మన ఉత్తరాంధ్రలో నోటి క్యాన్సర్ అనగానే అడ్డచుట్ట (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట) తాగే ముసలమ్మల అంగిలి గుర్తుకొస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం పాన్‌షాపుల దగ్గర వక్క కలిసిన పాన్‌మసాలా పొట్లాలు చింపే కుర్రాళ్లకు వచ్చేది వేరు. దాని పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. బుగ్గల లోపలి పొర కింద నార పేరుకుని గట్టిపడుతుంది. ముందు కారం తగిలితే మంట, పోనుపోను నోరు తెరుచుకోదు. తన చేతి మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టకపోతే అనుమానించాలి. చాలామంది వేడి చేసిందనుకుని మెడికల్ షాపులో బి-కాంప్లెక్స్, నోటిపూత జెల్ కొనుక్కుని నెలలు గడిపేస్తున్నారు.

పొగాకు లేని వక్కపొడే కదా అంటారు. అసలు దోషి వక్కే. అందులోని అరెకోలిన్ అనే రసాయనం, నార పోగులకు మూలమైన కొల్లాజెన్ ప్రొటీన్‌ను అతిగా తయారు చేయిస్తుంది. వక్కలోని రాగి ఆ పోగులను పెనవేసే ఎంజైమును పెంచుతుంది. వక్క నములుతూ మందు వాడటమంటే ఒక పక్క తోడుతూ మరో పక్క పూడ్చడమే.

మొదట్లో లైకోపిన్ (టమాటాకు ఎరుపునిచ్చే పదార్థం) ఇస్తారు, సాధారణంగా రోజుకు 8 మి.గ్రా. చొప్పున రెండు మూడు నెలలు. లేబుల్ మీద మైక్రోగ్రాముల్లో ఉంటే వెయ్యితో భాగించి చూడండి: 5000 అంటే 5 మి.గ్రా. మాత్రమే. రక్తప్రసరణ పెంచే పెంటాక్సిఫైలిన్ 400 మి.గ్రా. మాత్ర రోజుకు రెండు మూడుసార్లు, భోజనం తర్వాత. నోరు తెరుచుకోక దాన్ని నలిపి మింగేవాళ్లున్నారు. అది నెమ్మదిగా కరగాల్సిన మాత్ర, నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు డాక్టరుకు చెప్పకుండా దీన్ని ముట్టకూడదు.

నార బిగిస్తే బుగ్గలోకి ఇంజెక్షన్: డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ 4 మి.గ్రా., కణజాలాన్ని వదులు చేసే ఎంజైము హైలురోనిడేస్ 1500 యూనిట్లు, మత్తుమందుతో కలిపి, వారానికి ఒకటి రెండుసార్లు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. ముందు తగ్గేది మంట. నోరు తెరుచుకోవడం ఆలస్యం. మంట పోగానే మూడో ఇంజెక్షన్‌కే మానేసేవారే ఎక్కువ, అక్కడే కోర్సు చెడుతుంది. షుగరున్నవారికి స్టెరాయిడ్‌తో షుగరు పెరుగుతుంది కాబట్టి ముందే పరీక్ష చేయించాలి. ఒకే చోట పదేపదే పొడిస్తే ఆ గుచ్చులే కొత్త మచ్చలవుతాయి, చోటు మార్చాలి.

ఐస్‌క్రీమ్ పుల్లల వ్యాయామాన్ని చులకన చేయొద్దు. పట్టినన్ని పుల్లలు దొంతరగా పళ్ల మధ్య పెట్టి ఐదు నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు, వీలైనప్పుడల్లా ఒక పుల్ల పెంచుతూ చేయాలి. ఇది లేకపోతే ఇంజెక్షన్‌తో వదులైన నార మళ్లీ బిగుస్తుంది.

మందులతో నోరు తెరుచుకున్నా క్యాన్సర్ ముప్పు తొలగిపోదు. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలకు మానని పుండు కనిపిస్తే ముక్క పరీక్ష చేయించాలి. వెళ్లిన ప్రతిసారీ పై, కింది ముందుపళ్ల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి, మిల్లీమీటర్లలో ఓపీ చీటీ మీద రాయమని అడగండి. కంటి అంచనాతో మందు పనిచేస్తోందో లేదో తేలదు.

– ఒక దంతవైద్యుడు, శ్రీకాకుళం