కాగితం పోయిందన్నారు, జిరాక్సు మిగిలింది

సంపాదకుడు గారికి,

పైలట్లు కాగితపు పటాలను వదిలి ట్యాబ్‌లు పట్టుకున్నారని, మన కార్యాలయాలు కూడా ఆ దారిలో నడవాలని గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివి బాగుందనుకొని ఊరుకున్నాను. మొన్న సోమవారం మనవరాలి ఆదాయ ధ్రువపత్రంతో ఒక కార్యాలయం మెట్లెక్కి దిగాక మాత్రం ఊరుకోలేకపోయాను.

మీసేవలో తీసుకున్న ఆ పత్రం మీద తహసీల్దారు గారి డిజిటల్ సంతకం ఉంది. గుమాస్తా దాన్ని తిప్పి తిప్పి చూసి సంతకం ఏదని అడిగాడు. అదే సంతకమని చూపిస్తే, సిరాతో పెట్టిందే సంతకమని, గెజిటెడ్ అధికారి గ్రీన్ ఇంకుతో ధ్రువీకరించిన రెండు జిరాక్సులు తెమ్మని సెలవిచ్చాడు. ఫోనులో ప్రభుత్వ పత్రాలు దాచుకునే డిజిలాకర్ యాప్ తెరవబోతే, ఫోనును ఫైలుకు ట్యాగు వేసి ఎట్లా కట్టమంటారని ఎదురు ప్రశ్న వేశాడు. ఎలక్ట్రానిక్ పత్రాలకు, సంతకాలకు గుర్తింపునిచ్చిన ఐటీ చట్టం 2000 నాటిది. డిజిలాకర్‌లో జారీ అయిన పత్రం అసలుతో సమానమన్న నిబంధన 2017లో వచ్చింది. ఢిల్లీలో బయలుదేరిన ఆ చట్టం మా నల్లగొండ క్లాక్‌టవర్ దాకా రావడానికి ఇంకెన్నేళ్లు పడుతుందో.

విమానాల సంగతే చూడండి. ఒకప్పుడు పైలట్ వెంట సుమారు పదహారు కిలోల పటాల సంచి ఉండేది. తరచూ వచ్చే సవరణ పుటలను పాతవి తీసి చేత్తో సర్దుకోవలసి వచ్చేది. 2013 నాటికి అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆ సంచుల స్థానంలో ఐప్యాడ్‌లు ఇచ్చింది. అయితే కాగితాన్ని ఒక్క రాత్రిలో కిటికీలోంచి పారేయలేదు. కొన్ని నెలలపాటు రెండూ పక్కపక్కన వాడి చూశారు. ఒక పరికరం ఆగిపోతే రెండోదేదో, ఛార్జింగు ఎంత ఉండాలో, పటాల గడువు ఎవరు చూడాలో ముందే రాసుకున్నారు. అంత చేసినా 2015 ఏప్రిల్‌లో యాప్ మొరాయించి అదే సంస్థ విమానాలు పదుల సంఖ్యలో ఆలస్యమయ్యాయి. మన దేశంలోనూ 2025 ఫిబ్రవరిలో పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సు వచ్చింది. ఆకాశంలో చెల్లే పత్రం కౌంటరు దగ్గర చెల్లకపోవడమే నాకు అర్థం కాని విషయం.

నేను కాగితానికి శత్రువును కాను, ముప్పై ఏళ్లు రికార్డు గది దుమ్ము పీల్చినవాణ్ని. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ ఈనాటికీ భూతగాదాల్లో సాక్ష్యమై నిలుస్తోంది; 2020 అక్టోబరులో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి 2025 ఏప్రిల్‌కే భూభారతికి చోటిచ్చి వెళ్లింది, నడుమ రైతులు తిరిగిన తిరుగుడు జిల్లాలో అందరికీ తెలుసు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దెబ్బకు విండోస్ కంప్యూటర్లు నిలిచిపోతే, శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చి ప్రయాణికులను పంపించారు. మన దగ్గర సర్వర్ డౌన్ అంటే మాత్రం ఆ పూటకు దుకాణం కట్టేసినట్టే. చేత్తో రాసుకొని రశీదు ఇద్దామన్న ఆలోచన ఒక్కరికీ రాదు. కంప్యూటరు పనిచేస్తే జిరాక్సు తెమ్మంటారు, పనిచేయకపోతే రేపు రమ్మంటారు. కాగితరహిత పాలన మీద ఫ్లెక్సీలకు మాత్రం కొదవ లేదు.

డిజిటల్ సంతకం ఉన్న పత్రాన్ని తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని, సర్వర్ ఆగితే దరఖాస్తు తేదీ నష్టపోకుండా చేత్తో నమోదు చేసుకోవాలని కలెక్టరు గారు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. దయచేసి ఆ ఉత్తర్వును మాత్రం కాగితం మీద అచ్చు వేయించి, గ్రీన్ ఇంకుతో సంతకం పెట్టి, కౌంటరు పక్కన అంటించమని మనవి. ఫోనులో చూపిస్తే ఆ గుమాస్తా నమ్మడు.

- ఒక విశ్రాంత రికార్డు అసిస్టెంటు, నల్లగొండ