ఆదివారం మన కథ: వానదేవుడి పశ్చాత్తాపం

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5:30కి దేవుని కడప చెరువు గట్టు మీద కలుద్దాం. మన అక్క రాసిన కొత్త ఫాంటసీ ప్రేమకథ తనే చదివి వినిపిస్తుంది.

కథ క్లుప్తంగా: పెన్న ఒడ్డున ఒకమ్మాయిని ప్రేమించిన వానదేవుడు, దేవలోకం మాటకు తలొగ్గి ఆమెను వదిలేస్తాడు. ఆమె ఎదురుచూసి ఎదురుచూసి పోతుంది. ఏరు ఎండిపోయాక గానీ ఆయనకు తెలిసిరాదు. అప్పటినుంచి కాలం కాని కాలంలో ఒక్క ఆమె ఇంటి వాకిట్లోనే వాన! ఆ చోటు చదివి నేను ఏడ్చేశాను.

మన పురాణాల్లోనూ ఈ బాధ ఉంది కదా. సతీదేవి దేహాన్ని భుజాన వేసుకుని తిరిగిన శివుడు, యాగంలో బంగారు సీతను పక్కన పెట్టుకున్న రాముడు. దేవుడై ఉండి కూడా పోయిన మనిషిని తిరిగి తెచ్చుకోలేకపోవడం, అదే నన్ను పట్టేసింది.

మీరు చేయాల్సింది:
👉 పీడీఎఫ్ పైన పెట్టాను, శుక్రవారంలోగా చదవండి.
👉 కథలో ఆ అమ్మాయి వానదేవుణ్ణి క్షమించాలా? ఒక్కొక్కరు 2 నిమిషాలు మాట్లాడాలి. అక్క ముగింపు ఇంకా మార్చుకుంటోంది, మీ మాట నిజంగా పనికొస్తుంది.
👉 వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి, టీ, ఉగ్గాని బజ్జీ లెక్క చూసుకోవాలి.

చాప, నీళ్ల సీసా మర్చిపోవద్దు. వాన పడితే మా ఇంటి వరండాలో కూర్చుందాం.