గరిటె మళ్లీ మార్చాం, రేటు కూడా

మన కర్రీ పాయింట్‌కి వచ్చే అందరికీ నమస్కారం. రెండు వారాలుగా కౌంటర్ దగ్గర ఒకటే ప్రశ్న: "అక్కా, సోమవారం, శుక్రవారం షట్టర్ సగం దించి ఉంటోందేంటి, మూసేస్తున్నారా?" మూసేయట్లేదు. ఒకటో తారీకు నుంచి కొన్ని మార్పులు చేస్తున్నాం. సోమ, శుక్రవారాలు ముందుగా చెప్పినవాళ్లకే వంట. హాఫ్ కర్రీ 40 నుంచి 45 అవుతుంది. గరిటె మాత్రం పాత గరిటె.

ఈ గరిటె సంగతి మీలో చాలామందికి తెలియదు. తెలియకుండా చేసింది నేనే కాబట్టి ముందు అదే చెప్తాను.

2021లో రెండో లాక్‌డౌన్ ఎత్తేశాక మళ్లీ పొయ్యి వెలిగించేసరికి నూనె రేటు చూస్తే కళ్లు తిరిగాయి. రేటు పెంచుదామంటే భయం, అప్పటికే ఎస్.ఆర్. నగర్‌లో సగం హాస్టళ్లకు టు-లెట్ బోర్డులు. బేగంబజార్ వెళ్లి కొత్త గరిటెలు నాలుగు తెచ్చాను. చూడ్డానికి పాతవాటిలాగే ఉంటాయి, లోతు తక్కువ. పాత గరిటెతో రెండు వేస్తే హాఫ్ కర్రీ. కొత్తదానితోనూ రెండే వేశాం. ఎవరూ కనిపెట్టలేదు, రిటైరైన ఒక మాస్టారు తప్ప. మూడో రోజే కప్పు ఇలా పైకెత్తి వెలుతురుకు పట్టి చూసి, "గరిటె మారినట్టుందే అమ్మాయ్?" అన్నారు. "లేదండీ, అదే" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. పదిహేను రూపాయల పెరుగు కూడా తీసుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాతా రోజూ వస్తూనే ఉన్నారు, నాకే ఆయన కప్పు నింపేటప్పుడు చెయ్యి ఆగేది. మొన్న ఆయనతో చెప్పేశాను. "నాకు తెలుసులే, ఉప్పు మాత్రం తగ్గించకు" అన్నారు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కరోనా పోయి ఇన్నేళ్లయినా ఇంకా దాని పేరు చెప్తారేంటని కొందరు నవ్వుతారు. మాకు పోయింది జబ్బు, బేరం తీరు పాతదారికి రాలేదు.

2020కి ముందు మా వ్యాపారం అంతా ఒక లెక్క మీద నడిచేది. గదిలో నలుగురు కుర్రాళ్లు, ఒక కరెంటు కుక్కర్. అన్నం వాళ్లు వండుకుంటారు, కూరలు మా దగ్గర కొంటారు. అమీర్‌పేటలో జావా, టెస్టింగ్ కోర్సులకు వచ్చేవాళ్లు, కోర్సయిపోయి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు, ఉద్యోగమొచ్చి మెట్రోలో హైటెక్ సిటీ వెళ్లేవాళ్లు. మైత్రీవనం చుట్టుపక్కల సాయంత్రం క్లాసులు వదిలితే రోడ్డు దాటడానికి దారుండేది కాదు. ఏ రోజుకు ఎంత వండాలో మా ఆయన ఆకాశం చూసి చెప్పేవాడు. వానొస్తే పప్పు ఎక్కువ, నెలాఖరైతే ఎగ్ కర్రీ తక్కువ, సాంబారు ఎక్కువ.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అన్నారు, ఒక్క రోజే కదా అని దోసకాయలు కోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాటికే ఇక్కడ లాక్‌డౌన్, 25 నుంచి దేశమంతా. హాస్టళ్లు ఖాళీ చేయమన్నారని పిల్లలు బ్యాగులేసుకుని ఊళ్లకు వెళ్లడానికి పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పాసు దొరికి బయల్దేరినవాళ్లలో చాలామందిని ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. మాకు అరువు ఖాతా ఉండేది, చారల నోట్‌బుక్కు. అందులో ఆ నెల ముప్పై ఒక్క మంది పేర్లున్నాయి. పోయినట్టే అనుకున్నాం. జూన్‌లో ఒక సాయంత్రం ఫోను టింగుమంది. 340 రూపాయలు, కింద "అక్కా మార్చి బాకీ, లేటయింది" అని. ఆ నెలలో అలా పంతొమ్మిది మంది పంపారు. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ డబ్బుతోనే మేం రెండు సిలిండర్లు తెచ్చుకున్నామని తెలియాలి.

2021 మే 12 నుంచి పొద్దున ఆరు నుంచి పది వరకే బయటికి రానిచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి లేచి వండి ఏడింటికి గుత్తి వంకాయ అమ్మాం. కొన్నవాళ్లు మధ్యాహ్నానికి దాచుకున్నారు. ఆ అలవాటు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ పోలేదు, ఉదయం ఎనిమిదింటికే కూర అడిగేవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు.

పెద్ద దెబ్బ మాత్రం ఆంక్షలు ఎత్తేశాకే తగిలింది. కోర్సులు చాలావరకు ఆన్‌లైన్‌లోకి వెళ్లిపోయాయి. ఒంగోలులోనో నిజామాబాద్‌లోనో ఇంట్లో కూర్చుని నేర్చుకునే పిల్లాడు ఎస్.ఆర్. నగర్ గదికి అద్దె ఎందుకు కడతాడు? వాళ్లమ్మ వండి పెడుతుంది. వాళ్లమ్మతో మేం పోటీ పడలేం. ఉద్యోగాలవాళ్లు తిరిగొచ్చారు, వారానికి మూడు రోజుల కోసం. మంగళ, బుధ, గురువారాల్లో రాత్రి తొమ్మిదికే గిన్నెలు ఖాళీ. గురువారం రాత్రే సగం మంది బస్సెక్కేస్తారు, శుక్రవారం ఇంటి నుంచి పని, మళ్లీ దిగేది సోమవారం రాత్రో మంగళవారం పొద్దునో. ఈ రెండు రోజులూ వండింది వండినట్టు మిగులుతోంది. మిగిలిన కూర మర్నాడు వేడిచేసి అమ్మే షాపు కాదు మనది. గరిటె విషయంలో చేశాను గానీ ఇది మాత్రం ఎప్పుడూ చేయలేదు.

ఫుడ్ డెలివరీ యాప్‌లో ఎందుకు లేరని అడుగుతారు. ఏడాదిన్నర ఉన్నాం. వందకు పాతిక దాకా అక్కడే పోయేది, పైగా సాంబారు ఒలికిందని కస్టమర్ ఫోటో పెడితే డబ్బులు మా నుంచే కోసేవారు. బండి గుంతలో పడితే నేనేం చేయను? మానేశాం.

కొత్తగా వచ్చిన బేరమూ ఉంది, చెప్పకపోతే తప్పు. పిల్లలు అమెరికాలో, ఇంట్లో ఇద్దరే పెద్దవాళ్లు. 2020లో పనిమనిషిని అపార్ట్‌మెంట్లోకి రానివ్వనప్పుడు మా కూరలు మొదలుపెట్టి, ఇప్పటికీ తింటున్నారు. ఒకరి కొడుకు డాలస్ నుంచి మెసేజ్ పెడతాడు, "ఆంటీ, నాన్నకి బీరకాయ, కారం తక్కువ" అని. నెలకొకసారి డబ్బులు వేస్తాడు. నేనతన్ని ఇంతవరకు చూడలేదు. సోమ, శుక్రవారాల పద్ధతి నాకు నేర్పింది ఇలాంటి ఇళ్లే, ముందుగా చెప్తారు, వండింది వండినట్టు అయిపోతుంది.

చిల్లరకు బదులు చాక్లెట్లిచ్చే రోజులు పోయాయి, ఎర్రగడ్డ రైతుబజార్లో కొత్తిమీర కట్ట అమ్మే ఆవిడ కూడా స్కానర్ చూపిస్తోంది. ఒక్కటే చిక్కు. డబ్బులు పడ్డాయని చెప్పే పెట్టె "నలభై రూపాయలు" అని అరిచేదాకా కదలొద్దు, ఫోను చూపించి వెళ్లిపోయినవాళ్ల వల్ల రెండుసార్లు నష్టపోయాం.

ఇంకో మాట. కరోనా భయంతో అప్పట్లో ఇంటి గిన్నెలు వద్దని, ప్లాస్టిక్ కప్పులు మొదలుపెట్టింది మేమే. మాస్టారి స్టీలు క్యారేజీని కూడా వెనక్కి పంపాం. ఇప్పుడు మేమే అడుగుతున్నాం, గిన్నె తెచ్చుకోండి. కప్పు ఖర్చు మూడు రూపాయలు మీకే తగ్గిస్తాం. కడిగి తెస్తే చాలు.

సోమ, శుక్రవారాలకు ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు మెసేజ్ పెట్టండి. నెంబరు షట్టర్ మీద రాసి ఉంది. ఇద్దరికి సరిపడా చెప్పినా వండుతాం, కానీ పది ఆర్డర్లు దాటకపోతే ఆ రోజు పప్పు, ఒక వేపుడు, చారు మాత్రమే ఉంటాయి. వచ్చే సోమవారానికి దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు అనుకుంటున్నాం. ఆర్డర్లు నిండితే గోంగూర రొయ్యలు కూడా.