పింఛను ఇంటికొస్తుంది, మాత్ర రాదా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మా కాలనీ పార్కులో ఓపెన్ జిమ్ ప్రారంభించడానికి ఎమ్మెల్యే గారు వచ్చారు. రిబ్బన్ కత్తిరించాక రోడ్లు, కాలవల గురించి మాట్లాడతారనుకున్నాం. ఆయన ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్ల గురించి, డిప్రెషన్‌లో పడుతున్న కుర్రాళ్ల గురించి, ఇంట్లో రోగిని చూసుకుంటూ తామే రోగులైపోతున్న ఆడవాళ్ల గురించి మాట్లాడారు. వీళ్ల కోసం ప్రత్యేకంగా నిధులు ఇవ్వమని వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో అడుగుతానన్నారు. అందరం చప్పట్లు కొట్టాం, నేను కాస్త గట్టిగానే కొట్టాను. ఒక ప్రజాప్రతినిధి మైకులో మానసిక ఆరోగ్యం అనే మాట ఎత్తడం, అదీ జోకు వేయకుండా ఎత్తడం నేను వినడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. అడుగుతారు సరే, ఏమని అడుగుతారు? ఇంకో వంద ఓపెన్ జిమ్ములా?

నా సంగతి చెప్పకపోతే ఈ అనుమానం ఎందుకో అర్థం కాదు. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు. ఐటీఐలో ఫిట్టర్ పాసై అప్రెంటిస్‌గా చేరిన ఏడాదిలోనే మొదలైంది. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు, రెండేళ్లు అలాగే పోయాయి. చివరికి విశాఖలోనే ఉన్న చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఆ పేరెత్తితే ఇక్కడ జనం నవ్వుతారు కానీ మా వాడిని మళ్లీ మనిషిని చేసింది అక్కడి డాక్టర్లే. మాత్రలు వేసుకున్నన్నాళ్లు బాగానే ఉంటాడు. కూరగాయలు తెస్తాడు, నీళ్లు పడతాడు, క్రికెట్ చూస్తూ తిడతాడు కూడా.

మాత్ర ఆగితేనే కష్టం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఎవరి కష్టం వాళ్లది. కరెంటు లేదు, నీళ్లు లేవు, వీధి నిండా చెట్లు. సరిగ్గా అప్పుడే వాడి మాత్రలు అయిపోయాయి. బయటికి వెళ్లి తెచ్చేసరికి వారం దాటింది. అప్పటికే వాడికి నిద్ర కరువైంది, అన్నం మానేశాడు, పక్కింటివాళ్లు తనని చంపడానికి మాట్లాడుకుంటున్నారన్నాడు. మళ్లీ మామూలు కావడానికి ఆరు నెలలు పట్టింది. ఇంటి పైకప్పు మూడు వారాల్లో వేయించుకున్నాం.

ఇప్పుడు వాడికి దివ్యాంగుల పింఛను వస్తోంది. 2024 జులై నుంచి అది 3,000 నుంచి 6,000 అయింది, మాకు పెద్ద ఆసరా. ప్రతి నెలా 1వ తేదీన పొద్దున్నే వార్డు సచివాలయం సిబ్బంది తలుపు కొడతారు, వాడు వేలిముద్ర వేస్తాడు, డబ్బులు చేతిలో పెడతారు. అదే మనిషికి అదే నెలలో కావలసిన మాత్రల కోసం మాత్రం రెండు బస్సులు మారి, ఓపీలో నిలబడి, ఒకపూట జీతం పోగొట్టుకోవాలి. నేను ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. సెలవు అడిగినప్పుడల్లా ‘మళ్లీనా మేడమ్?’ అంటారు.

మనవాళ్లకు చేతకాక ఇలా ఉందనుకోను. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా లక్షల మందిని కూర్చోబెట్టారు. మేమూ తెల్లారకముందే బస్సెక్కి వెళ్లాం. అంతమందికి చాప దగ్గర్నుంచి మంచినీళ్ల దాకా లెక్క వేసి పంపగలిగిన యంత్రాంగం ఇది. ప్రతి వార్డు సచివాలయంలో ఆరోగ్య కార్యదర్శి ఉన్నారు. పింఛను వచ్చిన దారిలోనే మాత్రల కవరు రావడానికి అడ్డేమిటో నాకు అర్థం కాలేదు. ఇలాంటి జబ్బుకు నెలకోసారి వేసే ఇంజెక్షన్ కూడా ఉంది. డాక్టరు రాసిస్తే అది వేయడం నర్సు పనే. తమిళనాడులో 2021 నుంచి బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. కేరళలో 2008 నుంచి మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పంచాయతీల తరఫున నర్సులు వెళుతున్నారు. అక్కడి వాళ్లేమీ ఆకాశం నుంచి దిగిరాలేదు.

నిధులు చివరికి ఇనుప సామాన్లుగా ఎందుకు మారతాయో కూడా చెప్పాలి. ఎంపీకి నియోజకవర్గం పనుల కోసం ఏడాదికి 5 కోట్లు ఇస్తారు. ఆ సొమ్ము నిలిచి ఉండే ఆస్తులకే వాడాలి, జీతాలకు వాడకూడదని నిబంధన. అందుకే బల్లలు, షెడ్లు, జిమ్ములు వస్తాయి, వాటి మీద పేర్లు వస్తాయి. ఒక కౌన్సెలర్‌కి, ఒక సోషల్ వర్కర్‌కి నెలనెలా జీతం ఇవ్వాలంటే అది బడ్జెట్‌లో ఉండాలి. బడ్జెట్ ఆమోదించేది అసెంబ్లీ. కాబట్టి ఎమ్మెల్యే గారు అడుగుతానన్న చోటు సరైనదే. అడగాల్సింది మాత్రం జిమ్ముల్ని కాదు, పనిచేసే మనుషుల్ని. రిబ్బన్ కత్తిరించడానికి మనిషి జీతం పనికిరాదు, నిజమే.

చట్టం కూడా ఆయన వైపే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యం అందరికీ హక్కు. అత్యావశ్యక మందుల జాబితాలోనివి సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైస్థాయి ఆసుపత్రులన్నింటిలో ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్నాళ్లు ఉండటానికి వసతి, ఇంటి దగ్గరే పునరావాసం కూడా అందులో రాసి ఉన్నాయి. మా వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రం ఆ స్థాయికి కిందిది. అక్కడి వాళ్లను నేను తప్పు పట్టలేను. కానీ మేము నడిచి వెళ్లగలిగేది దానికే. ఆ మందుల్ని ఇంకొక్క మెట్టు కిందికి దించమని అడగవచ్చు కదా.

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో 1996లోనే మొదలైంది. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు, నర్సు కలిసిన బృందం ఉండాలని దాని ఏర్పాటు. విశాఖ జిల్లాలో వీళ్లు ఎంతమంది ఉన్నారు, నెలకు ఎన్ని వార్డులకు వెళుతున్నారు? ప్రశ్నోత్తరాల సమయంలో ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలు, జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక జబ్బు ఉన్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ లేదు. మన లెక్క కూడా తీయమని అడగాలి.

మానసిక సమస్యలకు ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416 ఉంది కదా అంటారు. ఉంది, మంచిదే. ఒక రాత్రి నేనూ ఫోన్ చేశాను. తెలుగులోనే, విసుక్కోకుండా మాట్లాడారు. ఆ రాత్రి గడిచింది. తెల్లారాక మాత్రల కోసం మళ్లీ బస్టాపుకే వెళ్లాను.

ఇక అమ్మ. ఆమెకు 71 ఏళ్లు. నాన్న పోయిన దగ్గర్నుంచి పెళ్లికి గానీ చావుకి గానీ ఒక రాత్రి బయట ఉండలేదు. రోగికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంటుంది, పింఛను ఉంటుంది. చూసుకునే మనిషికి పేరు కూడా లేదు. వారంలో రెండు పూటలు మా తమ్ముడిలాంటి వాళ్లను కూర్చోబెట్టి, ఏదో ఒక పని చేయించి, మధ్యాహ్నం అన్నం పెట్టి పంపే చోటు ప్రతి జోన్‌కీ ఒకటి ఉంటే చాలు. ఆ రెండు పూటలు అమ్మ నిద్రపోతుంది. కొత్త భవనం కూడా అక్కర్లేదు, పగలంతా తాళం వేసి ఉండే కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి. ‘నానెళ్లిపోతే ఈడికెవులున్నారే?’ అని అమ్మ రోజూ అడుగుతుంది. నేనున్నాను కదా అంటాను. నాకు 46, షుగర్ ఉంది. ఆ మాట ఆమెకీ తెలుసు, అందుకే మళ్లీ అడుగుతుంది.

ఎమ్మెల్యే గారు అసెంబ్లీలో లేచి మాట్లాడే రోజు ఏదో తెలిస్తే స్టాఫ్ రూములో ఫోన్ పెట్టుకుని చూస్తాను. ఆయనే కాదు, నగరంలోని మిగతా ఎమ్మెల్యేలు కూడా పార్టీలు పక్కన పెట్టి ఆ రోజు వంత పాడితే బాగుంటుంది.

వచ్చే 1వ తేదీ పొద్దున సచివాలయం అమ్మాయి వస్తుంది, తమ్ముడు వేలిముద్ర వేస్తాడు. ఆ అమ్మాయి వెళ్లాక నేను స్కూలుకి ఫోన్ చేసి ఒకపూట సెలవు చెప్పి, వాడి పాత చీటీ పర్సులో పెట్టుకుని బస్సెక్కాలి.

ఇట్లు,
ఒక టీచర్,
విశాఖపట్నం